సాఫీ యంత్రమూ, వెనక్కి నడిచే మనిషీ

"తాళి కట్టే దగ్గర మీ పెళ్ళికొడుకు బాగా లాగ్ అవుతున్నాడండి," అంది దమయంతి ఫోనులో.

అవతల పలివెల గంగాధరం పాలకొల్లు దగ్గర తన రొయ్యల చెరువు గట్టు మీద ఉన్నాడు. నీటికి గాలి పట్టించే ఎనిమిది ఏరియేటర్లు చెరువుని చిలుకుతున్నాయి. ఆ హోరు దాటుకుని ఆయన చెవికి చేరిన వార్త వేరు: పెళ్ళికొడుకు లాగు అవుపడుతోందట.

"ఎంతవరకు అవుపడుతోంది?" అన్నాడు గొంతు తగ్గించి.

"ముళ్ళు వేసినంతసేపూనండి. మూడో ముడికి మరీ ఎక్కువ. కంగారు పడకండి, నేను సరిచేస్తాను."

"మీరు సరిచెయ్యడమేంటండి? ఇంతకీ ఎవరెవరు చూశారు?"

"ప్రస్తుతానికి నేనూ, మా రాజుగారూ."

గంగాధరం ఫోను పెట్టేశాడు. ఆయన పెళ్ళికూతురికి మేనమామ. మేనకోడలి కాపురం ఒక లాగు మీద ఆధారపడి ఉందన్న బరువు ఒక్కడే మొయ్యలేక, భోజనాల వేళకి ఇంట్లో పదకొండు మందికి పంచేశాడు. పెళ్ళికూతురి అమ్మమ్మ చిట్టెమ్మగారు మాత్రం చలించలేదు. "పట్టుపంచె కింద లాగు వేసుకున్నాడు కదా, సంతోషించండి," అని పెరుగు కలుపుకుంది.

లాగ్ అంటే బొమ్మ ఆగి ఆగి, ఎక్కిళ్ళు పట్టినట్టు కదలడం. భీమవరంలోని వేగేశ్న విజువల్స్‌లో ఇరవై రెండేళ్ళుగా పెళ్ళి వీడియోలు కోసి అతుకుతున్న చిట్టూరి దమయంతికి అది వాన, ఎండ లాంటిది. ఉంటుంది, పోతుంది. పూర్వం పెళ్ళికి ఒక కెమెరా. ఇప్పుడు ఆరు కెమెరాలూ, నెత్తి మీద ఒక డ్రోనూ. పెళ్ళికూతురి ముక్కుపుడక మీద దుమ్ము కూడా లెక్కకి వచ్చేంత బరువైన బొమ్మలు. వాటిని నడిపించమంటే కంప్యూటర్ కదలలేక మొరాయిస్తుంది. అలా మొరాయించే హక్కు పెళ్ళిలో దానికొక్కదానికే ఉందని దమయంతి అభిప్రాయం. మిగతా వాళ్ళకి తొందర. ఆరు నెలలు తిరిగి సంబంధం చూసుకున్నవాళ్ళే, వీడియో ఆరో రోజుకి రాకపోతే స్టూడియో మెట్ల మీద బైఠాయిస్తారు. తీరా చేతికిచ్చాక తాము కనిపించే చోటు ఒక్కటి చూసుకుని మిగతాదంతా వేలితో తోసేస్తారు. వీళ్ళ కోసమా నేను కళ్ళు పోగొట్టుకున్నది, అనుకునేది దమయంతి, కళ్ళజోడు తుడుచుకుంటూ.

లాగ్‌కి ఆమె దగ్గర పాత మందుంది. బరువైన బొమ్మలకి ముందు తేలికపాటి నకళ్ళు తీస్తుంది. దానికే ఒక పూర్తి రోజు పడుతుంది. కోతలూ అతుకులూ ఆ నకళ్ళ మీదే చేస్తుంది. అంతా అయ్యాక, ఆఖరున, నకలు తీసేసి అసలుతో కలుపుతుంది. ఈ ఆఖరి మెట్టు మరిచిపోతే ఎల్‌ఈడీ తెర మీద పెళ్ళికూతురు ఉడికిన కందిపప్పులా కనిపిస్తుంది. అందుకే ఒక నియమం. నకలు మీద చెయ్యి వేసిన క్షణంలో ఎడమ మణికట్టుకి రబ్బరు బ్యాండు వేసుకోవాలి. అన్నం తింటున్నా, ఇంటికి వెళ్ళినా, అసలుతో కలిపేదాకా తియ్యకూడదు.

ఆ నియమం నేర్పినది ఆమె భర్త భీమశంకరం. పేరులో భీముడున్నా మనిషి అగరొత్తి. పందొమ్మిదేళ్ళు పెళ్ళిళ్ళలో కెమెరా మోశాడు. పెళ్ళికూతురు ముందుకి నడిచి వస్తుంటే, ఆమె ముందు ఈయన వెనక్కి నడవాలి. ఆ రకంగా ఆయన జీవితంలో సగం వెనక్కే నడిచాడు. బిందె తన్నలేదు, తోరణం తగల్లేదు, ఒక్కనాడు పడలేదు. మూడేళ్ళ క్రితం గుండె ఆగి ముందుకి వెళ్ళిపోయాడు. నాలుగు వేల పెళ్ళిళ్ళు తీసిన మనిషి తాను ఒక్క వీడియోలోనూ లేడు. ఎప్పుడూ కెమెరాకి అవతల పక్కే కదా. ఇంట్లో దండ వేసిన ఫోటో ఓటరు కార్డుది పెంచి కట్టించారు. అందులో ఆయన కరెంటు ఆఫీసులో ఫిర్యాదు రాయడానికి వచ్చినవాడిలా ఉంటాడు. నడిచే భీమశంకరం, నవ్వే భీమశంకరం ఉన్నది ఒక్క చోటే, దమయంతి బుర్రలో.

ఇక యజమాని సంగతి. ఆయన పేరు వేగేశ్న త్రినాథరాజు. ఇంటిపేరులో వేగం ఉంది కాబట్టి ఆ ఆస్తి అంతటికీ తానే వారసుడినని ఆయన నమ్మకం. కాఫీ చల్లారేదాకా ఆగలేక రోజూ నాలుక కాల్చుకుని, రుచి తెలియక, కాఫీ బాగాలేదని తిట్టే రకం. బెంగళూరులో మెదడు తరంగాల మీద పనిచేసే కంపెనీలో రెండేళ్ళు ఉండి, అక్కడ మూడో ఏడు ఆగలేక వచ్చేశాడు. వచ్చి స్టూడియో వెనకగదిలో ఒక పెట్టె, దానికో తలపట్టీ తయారుచేశాడు. పేరు 'సాఫీ' అని పెట్టాడు. 'సఫా' అని పెట్టవలసింది.

"గంగాధరంగారు పదహారు రోజుల పండక్కి ఎల్‌ఈడీ తెర కట్టిస్తున్నారండి," అన్నాడు రాజు, పట్టీ పట్టుకుని ఆమె కుర్చీ చుట్టూ తిరుగుతూ. "ఎల్లుండి మజ్జాన్నానికి వీడియో కావాలి. మీ నకళ్ళ చాదస్తం పెట్టుకుంటే అయ్యే పనేనా? ఇది కట్టుకోండి. అసలు బొమ్మే గోదాట్లో లాంచీలా పోద్ది."

"లాంచీలు మునుగుతాయండి కూడా. ఎలా పోద్ది?"

"కంప్యూటర్ పన్నెండు ఫ్రేముల్లో ఒక్కటే లాగుతుందండి. అందుకని దానికి ఆయాసం ఉండదు. మధ్యలో పదకొండూ మీ బుర్ర నింపుద్ది. మీరు ఎన్ని పెళ్ళిళ్ళు చూశారండి? ముడి వేసే చెయ్యి ఎలా కదులుద్దో మీకు తెలీదా? మీకు ఏదన్నా గుర్తొచ్చినప్పుడు అది ఎప్పుడన్నా ఆగి ఆగి వచ్చిందా?"

రాలేదు. ఆ మాట మాత్రం నిజమేనని దమయంతికి తోచింది.

"నింపడానికి సరుకు?"

"మీ జ్ఞాపకాలేనండి. వాడుకుంటుంది."

"వాడుకుని మళ్ళీ అక్కడే పెడుతుందా?"

"పెట్టాలండి మరి," అన్నాడు రాజు.

'పెట్టాలి' అనేది ఇంజనీర్ల భాషలో 'నేను చూడలేదు' అన్న మాటకి మర్యాద రూపం. దమయంతికి ఆ సంగతి తెలుసు. తెలిసీ కట్టుకుంది. కట్టుకోకపోతే ఈ పని ఏలూరులో ఎవరికో పంపిస్తానన్నాడు. నిన్న కాక మొన్న మౌసు పట్టుకున్నవాడి దగ్గరికి తన పెళ్ళి వెళ్ళడమా అన్న పొగరొకటి.

మీట నొక్కగానే బొమ్మ కదిలింది. కదలడం కాదు, పారింది. పెళ్ళికొడుకు చెయ్యి లేచి, మెడ వెనక్కి వెళ్ళి, ముడి పడి, తలంబ్రాలు ఒక్కొక్క గింజగా జారాయి. ఎక్కడా ఎక్కిలి లేదు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి దమయంతి ఒక పెళ్ళిని మొదటినుంచి చివరిదాకా ఆగకుండా చూసింది. చూసి, మళ్ళీ చూసింది. ఆమె నోటి నుంచి మెచ్చుకోలు రావడం రాజు ఎప్పుడూ వినలేదు. ఆ రోజూ వినలేదు గానీ, టీ చల్లారిపోయినా ఆమె ముట్టుకోకపోవడం చూసి తన యంత్రం నెగ్గిందని పొంగిపోయాడు.

సాయంత్రం ఇంట్లో ఆడపడుచు సీతారత్నం కంద బచ్చలి కూర చేసింది. రత్నం మున్సిపల్ స్కూల్లో లెక్కల టీచరు, పెళ్ళి చేసుకోలేదు. అన్నయ్య పోయాక వదినకి తోడుగా ఉండిపోయింది. ఆ కూర వండినప్పుడల్లా దమయంతి మొదటి ముద్దకే, "మీ అన్నయ్యయితే ఆవ ఎక్కువైందని ముక్కు ఎగబీల్చేవారు," అంటుంది. మూడేళ్ళుగా తప్పలేదు. రత్నం ఆ మాట కోసమే ఆవ కొంచెం ఎక్కువ వేస్తుంది కూడా.

దమయంతి కూర మొత్తం తినేసింది. "బాగుంది," అని చెయ్యి కడుక్కుంది.

రత్నం ఆమె మణికట్టు వైపు చూసింది. "బ్యాండేది వదినా? అప్పుడే అసలుతో కలిపేశావా?"

"ఏం బ్యాండు?"

"రబ్బరు బ్యాండు. పని మీదుంటే వేసుకుంటావు కదా."

"చేతికి రబ్బరు బ్యాండా? నేనేమన్నా కొత్తిమీర కట్టనా?" అని దమయంతి నవ్వేసింది. వదిన వేళాకోళం చేస్తోందనుకుంది రత్నం. అలవాటే కాబట్టి ఆ పూట వదిలేసింది.

మర్నాడంతా దమయంతి పట్టీ కట్టుకునే కూర్చుంది. అప్పగింతలు పారాయి, కొత్తజంట కలిసి తినే బువ్వం బంతి పారింది. సాయంత్రానికల్లా వీడియో పూర్తయింది. రాజు ఆమె వెనకే నిలబడి, కాలు నేలకేసి కొడుతూ, అయిందా అయిందా అంటున్నాడు. మామూలుగా అయితే ఈ క్షణంలో మణికట్టు మీద రబ్బరు చురుక్కుమని గుర్తు చెయ్యాలి. అక్కడేమీ లేదు. ఆమె ఫైలు తీసి ఇచ్చేసింది. యంత్రం నింపినవీ ఒక రకం నకళ్ళే. ఆ ఫ్రేములన్నీ నింపినట్టే, అసలుతో కలవకుండా, పెన్‌డ్రైవ్‌లో పడి పాలకొల్లు వెళ్ళిపోయాయి.

పదహారు రోజుల పండగ నాడు కల్యాణ మండపంలో నాలుగు వందల విస్తళ్ళు. వేగేశ్న విజువల్స్ వారిని కూడా భోజనానికి పిలిచారు. రాజు ముందు వరసలో కూర్చున్నాడు, పొగడ్తలు దగ్గరగా వినబడతాయని. దమయంతి, రత్నం గోడ పక్కన కూర్చున్నారు. పెళ్ళికొడుకు చుట్టూ ఒక చిత్రమైన వాతావరణం ఉంది. పెళ్ళికూతురి వైపు వాళ్ళు వచ్చి పలకరిస్తున్నారు గానీ, చూపు అతని ముఖం మీద ఆగకుండా పంచె మీదకి జారిపోతోంది. గంగాధరం నాలుగు నెలల బిడ్డని కాచుకున్నట్టు ఎల్‌ఈడీ తెరని కాచుకుని నిలబడ్డాడు. "ముడి దగ్గర సరిచేశారు కదండీ?" అని రాజుని మూడుసార్లు అడిగాడు. "అసలు కనబడదండి," అన్నాడు రాజు. ఆయన లాగు గురించీ, ఈయన లాగ్ గురించీ మాట్లాడుకుని ఇద్దరూ తృప్తిపడ్డారు.

వీడియో మొదలైంది. నిజంగానే సాఫీగా పారింది. రాజు వెనక్కి తిరిగి జనం ముఖాలు చూసుకున్నాడు. పెళ్ళికూతురు బుట్టలో కూర్చుని వచ్చే చోట, ఆమెకి ముందు, ఆవపిండి రంగు చొక్కా వేసుకున్న బక్కపలచని మనిషి ఒకడు వెనక్కి నడుస్తూ కనిపించాడు. కనిపించి మాయమయ్యాడు. స్టూడియో చిన్న తెర మీద సాఫీదనమే చూస్తూ మురిసిన ఇద్దరి కంటికీ ఇతను ఆనలేదు. మళ్ళీ జీలకర్ర బెల్లం దగ్గర పురోహితుడి భుజం పక్కన. బంతిలో నెయ్యి వడ్డించే మనిషి, చెయ్యి సగం కదిలేసరికి, ఆ చొక్కా మనిషిగా మారిపోతున్నాడు. ప్రతిసారీ వెనక్కే నడుస్తున్నాడు, ఎదురుగా చూసి నవ్వుతూ.

"ఎవరండీ ఆయన? మీ వైపా?" అని పెళ్ళికొడుకు పెదనాన్న అడిగాడు.

"మా వైపు కాదండి. మీ వైపేమో అనుకుంటున్నాం."

చిట్టెమ్మగారు కళ్ళజోడు పైకి తోసుకుని చూసి తేల్చేసింది. "నడక వెనక్కుంది. మనిషి కాదు, దయ్యం. దాని ముందు లాగు ఎంత."

మండపంలో కలకలం లేచింది. వడ్డన ఆగింది. గంగాధరం రాజు మీదకి వంగాడు. "శుభమా అని పండగ చేసుకుంటుంటే దయ్యాన్ని పెట్టి తీసుకొచ్చారేంటండి రాజుగారూ?"

"అబ్బే, దయ్యం కాదండి. సాంకేతిక కారణం," అన్నాడు రాజు. తనకి తెలియని ప్రతిదానికీ ఆయన పెట్టే ముద్దుపేరు అది.

దమయంతి తెర వంకే చూస్తోంది. ఎవడో గానీ కెమెరా మోసినవాడు, అనుకుంది. భుజం ఆ వంపు ఊరికే రాదు. వెనక బిందె ఉందని చూడకుండానే తెలిసినట్టు ఎలా తప్పించుకున్నాడో. పనిమంతుడు.

"ఎవరు రత్నం ఆయన?" అంది, మెచ్చుకుంటూ. "మన లైన్లో ఇంత శుభ్రంగా నడిచేవాణ్ణి నేను చూడలేదు."

రత్నం చేతిలో అరటిపండు ఆకులో పడిపోయింది. వదిన ముఖంలో వేళాకోళం కోసం వెతికింది. లేదు.

"వదినా," అంది. "అది అన్నయ్య."

"ఏ అన్నయ్య?"

"నాకు ఒక్కడేగా అన్నయ్య. నీ మొగుడు."

దమయంతికి పెళ్ళయిందని తెలుసు. ఆయన పేరు భీమశంకరమని తెలుసు, ఏ రోజు పోయాడో తెలుసు, గోడ మీద ఓటరు కార్డు ముఖం తెలుసు. ఆ ముఖాన్ని తీసుకెళ్ళి తెర మీద నవ్వుతున్న మనిషికి అతికించి చూసింది. ఇరవై రెండేళ్ళు బొమ్మలు అతికిన చెయ్యి. అతకలేదు. నడక కోసం లోపల వెతికింది. నవ్వు కోసం, గొంతు కోసం వెతికింది. గచ్చు కడిగి ఆరబెట్టిన వసారాలా ఉంది. అక్కడ ఏదో ఉండేదన్న మరక కూడా లేదు.

ఆమె లేచి రాజు దగ్గరికి వెళ్ళింది. "పెట్టాలి అన్నారు కదండీ. పెట్టిందా?"

రాజు జీవితంలో మొదటిసారి నిదానంగా మాట్లాడాడు. "బుర్ర... దగ్గర్లో ఏదుంటే అది తీసిస్తుందండి. పెళ్ళి అనగానే మీకు ముందు ఆయనే తగిలినట్టున్నారు. తిరిగి పంపే దారి నేనింకా రాయలేదండి. రెండో వెర్షన్‌లో..."

"రాజుగారూ, మీరు కాఫీ తాగడం నేర్చుకోండి. తరవాత యంత్రాలు చేద్దురుగాని."

మండపం అంతా వాళ్ళ వైపే చూస్తోంది. తెర మీద మూడో ముడి దగ్గరికి వచ్చింది. ఎల్‌ఈడీ వాడి పాత లాప్‌టాప్ ఇంతసేపూ మోసి మోసి ఇక మొయ్యలేక అక్కడ ఆగిపోయింది. ఆవపిండి చొక్కా మనిషి సగం నవ్వుతో, ఒక కాలు వెనక్కి వేస్తూ, పెళ్ళికొడుకు భుజం పక్కన నిలబడిపోయాడు. కుర్రకారు ఈలలు వేశారు. ఎల్‌ఈడీ వాడు మీట మీద వేలు పెట్టాడు.

"ముట్టుకోకు," అంది దమయంతి. వాడి చేతిలోంచి మైకు తీసుకుంది.

"ముందుగా అందరికీ ఒక మాట. అదిగో, ఆగిపోయింది చూడండి. దాన్ని మా పనిలో లాగ్ అంటారు. ఆ రోజు గంగాధరంగారికి నేను ఫోనులో చెప్పింది అది. ఆయన చెరువు గట్టు మీద ఏం విన్నారో ఇవాళ మీ అందరి చూపులూ చూస్తే నాకు అర్థమైంది. పెళ్ళికొడుకు లాగు నేను చూడలేదు. ఎవరూ చూడలేదు. ఆ అబ్బాయిని వదిలెయ్యండి."

నాలుగు వందల తలలు గంగాధరం వైపు తిరిగాయి. పెళ్ళికొడుకు ఆ పూట మొదటిసారి కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు.

"రెండోది. ఆయన దయ్యం కాదు. చిట్టెమ్మగారూ, కాళ్ళు తిన్నగానే ఉన్నాయి చూడండి. ఆయన పేరు చిట్టూరి భీమశంకరం. మీ ఇళ్ళల్లో సగం పెళ్ళిళ్ళు తీసింది ఆయనే. మీ ఆడపిల్లలు ముందుకి నడుస్తూ అందంగా కనబడాలని పందొమ్మిదేళ్ళు వెనక్కి నడిచాడు. ఒక్కరైనా ఆయన ముఖం చూశారా? చూడరు, కెమెరా వంకే చూస్తారు. నా బుర్రలోంచి ఊడి మీ వీడియోలో పడ్డాడు. తొందర మీది, తెలివి రాజుగారిది, పొగరు నాది. సాయంత్రానికి అసలుతో కలిపి మీ పెళ్ళి మీకు శుభ్రంగా ఇస్తాను. అందులో ఆయన ఉండడు. ఈ తప్పు కాపీ మాత్రం నేను పట్టుకెళతాను."

చిట్టెమ్మగారు విస్తరి పక్కకి జరిపి అంది. "తాళి కట్టే దగ్గర పెద్దమనిషి నవ్వుతూ నిలబడితే మీకేం నొప్పిరా? మా కాపీలో కూడా ఉంచవమ్మా."

గంగాధరం ఇబ్బందిగా దగ్గాడు. "ఆ ఒక్క ప్రేమా ఉంచండి," అన్నాడు.

ఫ్రేమునీ ప్రేమనీ మా జిల్లాలో చాలామంది ఒకలాగే పలుకుతారు. ఆ పొరపాటు ఎవరూ ఇంతవరకు దిద్దలేదు.

దమయంతి తెర దగ్గరగా వెళ్ళి నిలబడింది. అంత దగ్గర్నుంచి మనిషి చుక్కలు చుక్కలుగా విడిపోయాడు. రెండడుగులు వెనక్కి వేసింది, చూడకుండా, వెనక కుర్చీని తప్పించుకుని. మనిషి మళ్ళీ కూడాడు. నవ్వులో కింది పన్ను ఒకటి వంకర. అది ఓటరు కార్డులో లేదు. మొదటిసారి పరిచయమైన మనిషిని గుర్తుపెట్టుకున్నట్టు దాన్ని గుర్తుపెట్టుకుంది.

రత్నం పక్కకి వచ్చింది. తాంబూలం సంచికి వేసిన రబ్బరు బ్యాండు తీసి, వదిన ఎడమ చెయ్యి పట్టుకుని మణికట్టుకి ఎక్కించింది.

"ఇదెందుకు?" అంది దమయంతి.

"నకలు మీద పని చేస్తున్నావు కదా. అసలుతో కలిపేదాకా తియ్యకూడదు. అన్నయ్య నీకు చెప్పాడు. నువ్వు నాకు చెప్పావు."

"ఈసారి కలపడానికి అసలు ఎక్కడుంది రత్నం?"

రత్నం ఆమె మణికట్టు మీద బ్యాండు మెలిక సరిచేసింది. లాప్‌టాప్ తేరుకుంది. తెర మీద మనిషి కదిలి, వెనక్కి నడుచుకుంటూ, తెర అంచు దాటి వెళ్ళిపోయాడు.

ఆ బ్యాండు ఆమె చేతికి ఇంకా ఉంది.